బ్లేడు ఆగిన జాగ

కాజీపేట రైల్వే గేటు పక్క
మా డబ్బా దుకాణంల
ముప్పై ఒక్క ఏండ్లు మొఖాలు సదివిన.
బడి సదువు ఐదు దాకనే,
గదువల సదువు ఇంకా ఒడువలే.

నురుగు కింద ఏమున్నదో
కండ్లకంటె ముందు వేళ్ళకు తెలుస్తది.
మొటిమ ఒంటరిది,
నెత్తిన తెల్లటి సీము పెట్టుకొని
ఎవ్వలతో పొత్తు లేకుంట కూసుంటది.
లోపటికి తిరిగిన వెంట్రుకైతే
నడుమ నల్లటి సుక్క.
పులిపిరి గరుకు, బ్లేడుకు ఇసుక తగిలినట్టు.
గజ్జి మొఖం జోలికి రావుడు తక్కువ,
వేళ్ళ సందుల కాపురం, రాత్రి పూట జాతర.
చెమటకాయలు మొదటి వానకే పరారు.

ఇది వేరే.
ఇది గుంపుగ వస్తది.
ఎర్రబారిన జాగల
సాబుదాన ఉడికినట్టు
నాలుగైదు నీటి బుడగలు
ఒకదానికొకటి ఆనుకొని.
రాకముందే కబురు పంపుతది,
సురసుర, చిమచిమ,
మిరపకాయ కోసిన వేలు తగిలినట్టు.
రెండు మూడు రోజులకు పగుల్తది,
పచ్చిపుండు, ఆనక పొక్కు కట్టి
వారం పదొద్దులకు మాయం.

మాయమని మనం అనుకుంటం.
అది నరంల పండుకుంటది.
నిద్ర చాలనప్పుడో, జరమొచ్చినప్పుడో
మళ్ళ అదే జాగకు దిగుతది
ప్లాట్‌ఫారం మారని పుష్‌పుల్ లెక్క.

మా దిక్కు, బల్లి ఉచ్చ పోసిందంటరు.
పాపం బల్లి.
గోడ మీది నుంచి దిగకుంటనే
ఊరందరి నింద మోస్తున్నది.

మొన్న ఐతారం పొద్దుగూకంగ
సారంగం మనుమడు విజేందర్ వచ్చిండు.
తెల్లారితే పరకాలల నిశ్చితార్థం.
కుడి చెంప అయిపోయింది.
ఎడమకు తిప్పిన.
కింది పెదవి అంచున నురుగు తుడువంగనె
నా చేయి ఆగింది.

"ఏమైంది ఓదెలు మామా?"
"ఎన్నొద్దుల సంది?"
"నిన్నటి సంది. దోమ కుట్టిందేమో."
"దురదనా, మంటనా?"
సప్పుడు లేదు.
అద్దంల వాని కండ్లు
నా కండ్లను తప్పిచ్చుకొని తిరిగినయి.
"ఫోన్ల సదివిన మామా.
తప్పు చేసినోళ్ళకు వస్తదట.
నేనేం చేయలే. మా అవ్వ తోడు."

రేడియో బందువెట్టిన.
బయట గూడ్సుబండి పోతున్నది,
యాభై ఎనిమిది డబ్బాలు, రోజూ లెక్కవెడ్త.
ఆఖరి డబ్బా దాటినంక
నా మీసం వేలితో పైకి జరిపి చూపెట్టిన,
ఎడమదిక్కు, పాత జాగ.
"నాకు ఆరేండ్లప్పటి సంది.
మా నాయినమ్మ పెదవికి ఉండె.
ఐలోని పోయొచ్చిన పొద్దు
నన్ను దగ్గరికి తీసి ముద్దువెట్టుకున్నది.
గదే నేను చేసిన తప్పు."

వాడు నవ్వలే. ఏడ్వలే.
తువ్వాల కొసను వేలికి చుట్టుకుంట కూసున్నడు.

"మంగలోన్ని, డాక్టర్ను కాదు బిడ్డా.
నా వేళ్ళు అనుమానపడుతయి, తేల్చయి.
చౌరస్తాల చర్మం డాక్టరమ్మ
తొమ్మిది దాక ఉంటది, ఇప్పుడే పో.
ఎంత జల్ది మొదలువెడితే
మందు అంత పనిచేస్తది.
ఎండేదాక ఎవ్వల్నీ ముద్దువెట్టుకోకు,
ఎంగిలి గిలాస ఇయ్యకు,
ముట్టిన చేతితోని కన్ను నలుపకు."

"ఆ పిల్లకు చెప్పాల్నా?"

"చెప్పు.
నేను చెప్పలేకనే మీసం పెంచిన.
నువ్వు పెంచకు."

మిగిలిన గడ్డం ముట్టలే.
బ్లేడు ఇరిచి డబ్బాల ఏసిన,
తువ్వాల ఉడుకునీళ్ళకు పక్కకు పెట్టిన.
సగం పనికి పైసలేంది అన్న.
సగం గీసిన మొఖంతోని
గేటు దాటి చౌరస్తా దిక్కు పోయిండు.

రాత్రి ఇంట్ల
మా కనకలచ్చిమి లైటు కింద కూసొని
బియ్యంల రాళ్ళు ఏరుతున్నది.
"మీసం తీసేద్దామనుకుంటున్న" అన్న,
గొంతు సవరించుకొని, పెద్ద మాట చెప్పేటోని లెక్క.

తల ఎత్తలే.
ఒక రాయి తీసి అవతల పారేసి,
"తియ్యి. ఆ పొక్కు లేసినప్పుడు
అన్నం తినేముందు మీసం తడుముకుంటవ్.
పెండ్లైన ఏడాది సంది చూస్తనే ఉన్న" అన్నది.