లోపల డొల్ల

రెండు ఉత్తరాలూ నేనే టైపు చేశాను.
వెల్ష్ సరిహద్దు పక్కన చిన్న కౌన్సిల్ ఆఫీసు, రెండో అంతస్తు,
వానకు కారే కిటికీ కింద నా బల్ల.
ఒకే యంత్రం, ఒకే సిరా,
అడుగున ఒకే పెద్దమనిషి సంతకం.

మొదటిది ఐవర్ ప్రాబర్ట్‌కి.
ఆగస్టు ఇరవై తొమ్మిదిన,
గూళ్ళ కాలం ముగియడానికి ఇంకా రెండు రోజులుండగా
పదకొండు గజాల ముళ్ళకంచె నరికాడు.
వాన ముంచుకొస్తోంది,
అద్దెకు తెచ్చిన కోత మిషను గేటులో పట్టలేదు,
గోధుమ కంకులు అప్పటికే నల్లబడుతున్నాయి.
ఇవన్నీ అతను రాసుకున్న జవాబులో ఉన్నాయి,
పెన్సిలుతో, పశువుల దాణా బిల్లు వెనక.
మా ఉత్తరంలో ఉన్నది ఒక్క ఖాళీ గూడు,
దానికి రెండు ఫోటోలు, ఒక జరిమానా.
"ఈ కంచె అమూల్యం" అని రాశాను.
అబద్ధం కాదు.

రెండోది రోడ్డు కంపెనీకి.
బైపాసు దారికి అడ్డంగా ఓ ఓక్ చెట్టు.
వయసు కట్టడానికి లండన్ నుంచి వచ్చినాయన
టేపు చాలక, నడుం బెల్టు విప్పి ముడేశాడు.
ఆరు వందల ఏళ్ళు అన్నాడు, అటూ ఇటూ ఓ యాభై.
ఆ అటూ ఇటూలో నా బతుకంతా పట్టేస్తుంది.
దాని తొర్రలో గబ్బిలాలున్నాయి.
యుద్ధం రోజుల్లో, రేషను ఇన్‌స్పెక్టరుకి దొరక్కుండా
ఐవర్ తాత అందులో ఒక పందిని దాచాడట.
అన్నిటికీ కలిపి ఒక్క మాట రాయమన్నారు:
"లోపల డొల్ల."
రాశాను. అదీ అబద్ధం కాదు.
డొల్ల కాబట్టే కదా
అందులో అన్ని ప్రాణాలు పట్టాయి.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ,
కోడలు కొట్టిన కుండ కొత్త కుండ.
మా ఆఫీసులో కుండలు లేవు,
ఫైళ్ళున్నాయి.

ఫిబ్రవరిలో కొట్టారు. గూళ్ళ కాలం కాదు, రూలు తప్పలేదు.
రెండు రోజులు రంపాలు మోగాయి.
ఐవర్ ట్రాక్టరు ఇంజను ఆపకుండానే
దూరంగా నిలబెట్టి చూశాడని,
ఎవరితోనూ ఏమీ అనలేదని
క్యాంటీన్‌లో చెప్పుకున్నారు.
దారి నాలుగు నిమిషాలు తగ్గింది.
నేనూ రోజూ ఆ దారినే వస్తాను.
ఫ్లాస్కులో టీ కాస్త ఎక్కువ వేడిగా ఉంటోంది,
అది నా వాటా.

బదులుగా మూడు వేల మొక్కలు నాటారు, ప్లాస్టిక్ గొట్టాల్లో.
జూన్‌లో వాన లేదు. జులైలో లేదు.
గొట్టంలోకి తొంగి చూస్తే ఎండు పుల్ల.

నిన్న ఒక ఫిర్యాదు వచ్చింది:
ఎవరో రైతు, రాత్రిపూట,
అనుమతి లేకుండా ట్యాంకరుతో వాగు నీళ్ళు తోడుతున్నాడు.
ఫోటో జతచేశారు.
హెడ్‌లైట్ల వెలుగులో డెబ్భై దాటిన మనిషి
నడుం వంచి ఒక్కో గొట్టంలో పైపు పెడుతున్నాడు.
కంపెనీ మొక్కలకి.

ఉత్తరం టైపు చేయాలి.
"ప్రాబర్ట్ గారికి" దాకా వచ్చాను.
తర్వాతి వాక్యం నాకంటే ముందు నా వేళ్ళకి తెలుసు.
పెద్దాయన గదిలోంచి అడుగుతున్నాడు, అయిందా అని.
ఏదో అంకె వెతుకుతున్నట్టు
పాత ఫైలు తీసి తిప్పుతున్నాను.
అందులో ఆ దాణా బిల్లు.
వెనక, పెన్సిలుతో, పేజీ మడతలో పడిపోయిన చివరి వరస
అప్పుడు నేను చదవలేదు:

"పిల్లలు ఎగిరిపోయాకే నరికాను.
గూట్లో చెయ్యి పెట్టి చూశాను.
వెచ్చగా లేదు."