వేడెక్కితే ఆగిపోయే బండి

పొద్దున్నే బాగానే లేస్తుంది.
పెట్రోలు కుళాయి తిప్పి, కార్బొరేటరు బొడ్డు నొక్కి
వేలికి తడి తగిలేదాకా ఆగి,
వాల్వు లిఫ్టరు పట్టుకుని కిక్కు మెల్లగా దించి వదిలితే
రెండో తన్నుకే
దుబ్... దుబ్... దుబ్...
రోట్లో పసుపుకొమ్ములు దంచినట్టు.
ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకోవచ్చు.

పొదలకూరు దాటేదాకా ఏమీ అనదు.
రోహిణి కార్తె ఎండ నెత్తికెక్కాక
నిమ్మతోటల మధ్య, సరిగ్గా నీడ లేనిచోట
ఒక దగ్గు దగ్గి ఆగిపోతుంది.
ఇక నువ్వు తన్ను, తిట్టు, బతిమాలు,
దాని ఒళ్లు చల్లబడేదాకా కదలదు.
నిమ్మకాయల బస్తాలేసుకుని పోయే ఆటో సుబ్బరామయ్య
"ఏంది సామీ, మళ్లీనా?" అని
నవ్వుతానే నీళ్లసీసా ఇచ్చిపోతాడు.

ముప్పై ఎనిమిది మోడలు బీఎస్ఏ.
ఎవరో మైకా దొర తోలిందంట.
ఆయన పోయినాక నలభై ఏళ్లు గొడ్లకొట్టంలో
చిట్టు బస్తాల కింద పడుకుంది.
నేను కొన్ననాడు టూలుపెట్టెలో తేలు కాపురం.

దీని నట్లకి మన స్పానర్లు పట్టవు.
పదమూడు దూరదు, పద్నాలుగు జారుద్ది.
రెంటికీ మధ్యన, సీమలో ఎవడో గీసుకున్న కొలత.
స్టోన్‌హౌస్‌పేటలో లేతు జిలానీ
పాత రైలు స్పానర్లు అరగదీసి నాలుగు చేసిచ్చాడు.
డబ్బులు తీసుకోలా.
"ఒకసారి శబ్దం ఇనిపించి పో" అన్నాడు.
షట్టరు సగం దించి, కళ్లు మూసుకుని ఇన్నాడు.
"టాపెట్టు రవ్వంత ఎక్కువుంది."
ఉంది.

ఈ వేడి జబ్బు మాత్రం ఆయనకీ అంతుబట్టలా.
ప్లగ్గు మార్చాం.
సిగరెట్టు కాగితం పాయింట్ల మధ్య పెట్టి లాగి లాగి టైమింగు చూశాం.
కడకి ఒక ఆదివారం మాగ్నెటో విప్పి
ఆర్మేచరు చివరన దాక్కున్న కండెన్సరు ఊడదీశాం.
జిలానీ బ్లేడుతో మైనం గీకాడు.
రేకు. దాని కింద ఇంకో రేకు.
రేకుకీ రేకుకీ నడుమ
ఉల్లిపొరకన్నా పల్చగా, పచ్చజీర కొట్టే
అభ్రకం.

నా చెయ్యి ఆగింది.

మా జేజి పెంచలమ్మ
సైదాపురం షెడ్డులో కింద కూర్చుని
పొద్దుగూకులూ కత్తితో ఇదే చీల్చింది.
ఎంత రుద్ది పోసుకున్నా వేళ్ల సందుల్లో మెరుపు పోయేది కాదంట.
సంగటి ముద్దలోనూ తళుకులే.
"ఇదంతా యాడికి పోద్ది?" అంటే
"సీమకి, యంత్రాల్లోకి" అన్నాడంట మేస్త్రీ.
రాయిని తినే యంత్రం ఎట్టుంటదోనని
చాన్నాళ్లు ఆలోచించిందంట.

ఇది ఆమె చీల్చిన ముక్కేనని నేననను.
ఆ లెక్కలు ఎవడు రాసిపెట్టాడు గనక.
అయినా గుడ్డతో తుడిచి, వెలుతురుకి పట్టి
అటూ ఇటూ తిప్పుతా కూర్చున్నా.
దాంట్లోంచి జిలానీ కొట్టు కనిపించింది,
కొంచెం పచ్చగా, కొంచెం వంకరగా.

"పాపం, దీని తప్పేం లేదబ్బయా" అన్నాడు జిలానీ.
"రాయి రాయిలాగే ఉంది. టంకం వదిలింది."
ట్రంకు రోడ్డులో టీవీలు బాగుచేసేవాడి దగ్గర
ముప్పై రూపాయల కండెన్సరు తెచ్చి అతికించాడు.
అభ్రకం ముక్క ఆర్సీ పుస్తకంలో పెట్టుకున్నా.

మళ్లీ అదే ఎండ, అవే నిమ్మతోటలు.
దగ్గేచోటు వచ్చింది,
నా కుడికాలు ముందే సిద్ధమైంది.
దుబ్ దుబ్ దుబ్. దాటిపోయింది.
ఎదురొచ్చిన సుబ్బరామయ్య అలవాటుకొద్దీ ఆటో ఆపి
సీసా చాచాడు.
వద్దంటే ఏమనుకుంటాడోనని
ఇంజను ఆపకుండానే దిగి తాగా.
ఇద్దరం కాసేపు దాన్నే ఇన్నాం.

టాపెట్టు మళ్లీ రవ్వంత ఎక్కువైంది.
రేపు చూడాలి.