వంటింట్లో పచ్చ బల్బు

ట్రింబుల్ వాళ్ళు షెడ్డు ఖాళీ చేస్తుంటే
నలభై డాలర్లకు కొన్నాను ఈ రాతి రంపాన్ని.
పికప్పులోకి ఎక్కించడానికి నలుగురు మగాళ్ళు.
దించడానికి నేనూ, రెండు చెక్క పలకలూ,
కొన్ని బూతులూ.

కంచె మీదుగా చూసి వెండెల్ అన్నాడు:
"ఇనుము ధరకు తూచి పారెయ్, కొత్తది కొనుక్కో."
నా కుడివైపు నిలబడి అన్నాడు.
ఆ చెవికి అతను పదకొండేళ్ళుగా మూగవాడు.
పెదాలు చదివాను.
అయినా వినలేదు.

మూత ఎత్తితే పాతికేళ్ళ మడ్డి.
నూనే రాతి పిండీ కలిసి
అడుగంటిన జావలా.
గరిటెతో తోడాను. ఆ గరిటె మళ్ళీ వంటింటి మొహం చూడలేదు.
మడ్డిని కిరాణా కొట్టు కాగితపు సంచుల్లో పోసి
బకెట్ల మీద వేలాడదీస్తే
చుక్క,
చుక్క,
ప్రైన్‌విల్ వీధుల్లో మంచు కరిగేలోపు
బకెట్టున్నర నూనె తేరింది.

బేరింగులు గోధుమ యంత్రాల కొట్టులో దొరికాయి.
"ఏ ట్రాక్టరుకి?" అంది మార్నీ.
రాళ్ళు కోసేదానికి అంటే
బల్ల కింద నుంచి తన గులకరాళ్ళ డబ్బా తీసింది.
ఈ ఊళ్ళో ఎవర్ని కదిలించినా రాళ్ళే రాలతాయి.

మొదటి కోత వంకర.
బిళ్ళ ఒక అంచున రొట్టెముక్క, ఇంకో అంచున ఉల్లిపొర.
ఇరుసు అటూ ఇటూ వెంట్రుకవాసి ఆడుతోంది మరి.
సార్డీన్ డబ్బా మూత గుండ్రంగా కత్తిరించి
వాషరులా తొడిగాను.
ఆట కట్టింది.
మొద్దుబారిన వజ్రాల అంచు చేత
పాత ఇటుకను మూడుసార్లు కోయించాను.
ఎర్రటి నూనె చిమ్మింది, రంపానికి పళ్ళు వచ్చాయి.

రాయిని ముందుకు నెట్టే స్క్రూ, మరలన్నీ అరిగి
తిరుగుతుందే కానీ కదలదు.
పీకేశాను.
బదులుగా ఒక తాడు, కిటికీ కప్పీ,
కాఫీ డబ్బా, అందులో గాలాలకు కట్టే సీసపు గుళ్ళు.
పన్నెండు గుళ్ళకు రంపం మూలిగి ఆగిపోయింది,
బెల్టు కాలిన కంపు.
తొమ్మిదికి వణికింది.
ఆరుకి అలిగింది.
నాలుగు గుళ్ళ దగ్గర, రాయి ఒప్పుకుంది.
ముప్పయ్యేళ్ళు స్కూలు బస్సు తోలినదాన్ని,
క్లచ్చు ఎక్కడ పట్టుకుంటుందో నా అరికాలికి తెలుసు.
ఇప్పుడు మూత మీద అరచెయ్యి ఆనించి వింటాను
పట్టూ, విడుపూ.

కోత అయిందని చెప్పడానికి అందరూ గంట పెడతారట.
నాకు గంటంటే చెవిటివాడి ముందు శంఖమే.
పాత ఫ్రిజ్ తలుపు స్విచ్చి ఒకటి, రిలే ఒకటి,
గోడకు బెజ్జం పెట్టి లాగిన తీగ.
రాయి చివరికి చేరగానే మోటారు ఆగుతుంది,
పొయ్యి పైన పచ్చ బల్బు వెలుగుతుంది.
వెలగాలి.

నిన్న సాయంత్రం బిగించిన రాయి
ఎవరో పిల్లాడిది.
ఉరుముగుడ్డు అంటారు ఇక్కడ, గరుకు బంతిలా ఉంటుంది.
పద్నాలుగో నంబరు బస్సులో వెనక సీటు కింద దొరికింది.
వారం రోజులు పైకెత్తి చూపించాను.
ఎవరూ నాదనలేదు.
తొమ్మిదేళ్ళు నా డాష్‌బోర్డు మీద
ఎక్కడా దిగకుండా తిరిగింది.

బంగాళాదుంపల సూపు సగంలో ఉండగా
స్పూను పచ్చబడింది.
గిన్నె పచ్చబడింది.
లేవలేదు. సూపు చల్లారితే బాగోదు.

నూనె తుడిచి చూస్తే లోపల
నక్షత్రమేమీ లేదు.
బూడిదరంగు, బూడిదరంగు,
ఒక మూల గోరంత నీలపు చార.
కోసిన ముఖం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి
టార్చి వేశాను.
స్కేలు కింద నుంచి వెలుగు
ఒక్క దారమైనా దూరలేదు.

పొద్దున వెండెల్ వచ్చాడు,
ఈసారి ఎడమవైపుకి.
"ఏముంది లోపల?"

"తిన్నగా ఉంది" అన్నాను.