లోపల వదిలిన గుడ్డ

హొసూరు రోడ్డు ఆసుపత్రి, మూడో అంతస్తు.
డాక్టర్ శైలా హెగ్డే చీటీ వెనక
ఒక గీత గీసింది, గుట్ట దిగే దారిలా.
ఎడమకొసన వంద మంది ఆడవాళ్లు.
కుడికి పోయేకొద్దీ మెట్టుమెట్టుకీ కొందరు తగ్గుతారు.
"సగంమంది ఇక్కడిదాకా" అని ఒక చుక్క పెట్టింది.
నేను చుక్కను చూడలేదు, వంపును చూశాను.
చంక దగ్గర కత్తెర తిప్పేటప్పుడు
నేనూ ఇంతే వంపు ఇస్తాను.

ఈజీపురలో పంతొమ్మిదేళ్లుగా జాకెట్లు కుడుతున్నా.
ఊరందరి కొలతలూ పోగేసి
నడిమి కొలతకు ఒకటి కుడితే
అది ఎవరి ఒంటికీ పట్టదు.
ఆ మాటే అన్నాను. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"తెలుసమ్మా. మా దగ్గరున్న టేపు ఇదొక్కటే."
అప్పుడు నమ్మాను ఆమెను.

వెన్నులో రెండు చోట్ల, ఇప్పుడు కాలేయంలో.
రెండేళ్లు కాసిన మాత్రలు ఇక కాయవు.
ఈసారి మందు పోగొట్టడానికి కాదు,
అణిచి ఉంచడానికి.
ఒకటి, వారం వారం నరంలోకి ఎక్కించేది.
తొందరగా పట్టు దొరకొచ్చు. జుట్టు పోతుంది, పోనీ.
వేళ్ల కొసలు మొద్దుబారొచ్చు,
కొందరికి ఆ స్పర్శ తిరిగిరాదు.
రెండోది వేరే మాత్రలు.
రెండు వారాలు మింగాలి, ఒక వారం ఆపాలి.
అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొట్టు లేస్తాయి.
"బతికే రోజుల్లో తేడా ఎంత?"
"ఉంటే కొంచెం. నీకెంతో చెప్పలేను."

ఇంట్లో గంగాధరం అన్నాడు,
"ఎక్కువ రోజులిచ్చేది తీసుకో. అంతే."
అతను రోజులను బస్సు టికెట్లలా లెక్కపెడతాడు,
డిపోలో చేసి చేసి.
ఆ రాత్రి దీపం ఆర్పి కూర్చున్నాను.
తొమ్మిదో నంబరు సూది, పట్టుదారం.
చీకట్లో మూడోసారికి ఎక్కింది.
ఆ మాట అతనికి చెప్పలేదు.

బల్ల మీద నా పక్కన కూర్చునేవాళ్లు ఇద్దరు.
ఫ్లోరీనా, నాదీ ఆమెదీ ఒకే మందు, ఒకే డాక్టరు.
మేనకోడలి పెళ్లికని ఇచ్చిన మెంతిరంగు జాకెట్టు
కొట్టులో కొక్కేనికి ఇప్పటికీ వేలాడుతోంది.
అడ్వాన్సు నూటయాభై.
ఎవరికి తిరిగివ్వాలో తెలియదు.
జబీన్ అయితే ఏడేళ్లుగా వస్తోంది.
ఆ చుక్క ఎక్కడో వెనక పడిపోయింది,
దాన్ని దాటిన రోజు ఏం వండిందో కూడా గుర్తులేదట.

మాత్రలే అన్నాను.
తప్పు చేశానేమో. కాలేయానికి అదే చాలునో చాలదో
మూడు నెలల తర్వాత స్కానింగు చెప్తుంది.
పొట్టు లేచిన చేతికి వెన్న రాసి
పాత కాటన్ తొడుగులు వేసుకుంటాను.
పట్టుచీరల పని మునిలక్ష్మికి ఇచ్చేశాను.
హుక్కులు మాత్రం నేనే కుడతాను.
హుక్కు కంటితో కుట్టేది కాదు.

నిన్న జబీన్ గుడ్డ తెచ్చింది.
కుడివైపు దూది పెట్టాలి, కొలత నాకు తెలుసు.
"లోపల ఎంత వదలమంటావు?"
"రెండంగుళాలు వదులు.
వచ్చే ఏటికి ఒళ్లు చేస్తానేమో!"
నవ్వి నవ్వి దగ్గొచ్చింది ఇద్దరికీ.

రెండంగుళాలే వదిలాను.
గుడ్డ చాలలేదు.
చేతులు కొంచెం పొట్టి చేశాను.