మార్జిన్‌లో నాలుగు గీతలు

ఆదివారం పదిన్నర.
పద్నాలుగో నంబరు గది తాళం నేనే తీసినాను,
వాచ్‌మన్ మునిరత్నం కొండకు పోయినాడంట.
రిజిస్టరులో నూట పన్నెండు పేర్లు,
బెంచీల మీద ఆరుగురు.
మిగతావాళ్లు రేణిగుంట దగ్గరో వడమాలపేట దగ్గరో
మొక్కులోళ్ల మూటల మధ్య
బస్సులో ఒంటికాలి మీద నిలబడి ఉంటారు,
లేదా రారు.

గంటకింత అని నాకిచ్చేది
ఆర్నెల్లకోసారి వస్తుంది.
దాని గురించి ఇప్పుడెందుకులే.

రాత్రి అసైన్‌మెంట్ల కట్ట విప్పినాను.
ముప్పైఎనిమిది పేపర్లు, ఒకటే గైడు,
ఒకటే కామా, ఒకటే అచ్చుతప్పు:
గిరాకీ అని ఉండాల్సిన ప్రతి చోటా 'గిరకీ'.
సున్నాలు చుట్టి చుట్టి
నా ఎర్ర పెన్నే గిలక మాదిరి కిర్రుమనింది.

ముప్పైతొమ్మిదోది
ఎన్. చెంగమ్మ, ఏకాంబరకుప్పం.
కాగితం అంచున నీలిరంగు బొటనవేలు,
అద్దకం నీలి, సబ్బుకు పోదు.
"ధర పెరిగితే కొనేది తగ్గుతుందని పుస్తకంలో ఉండాది సా.
నూలు ధర పెరిగిందని మేం కొనకుండా ఉంటే ఎట్ల?
మగ్గం ఊరకుంటే అప్పు ఊరకుంటుందా?
ఈ సూత్రం రాసినాయన
మగ్గమాడే ఇంట్లో ఒక రాత్రన్నా పండుకున్నాడా?"

కీ ప్రకారం ఇది తప్పు జవాబు.
ఇరవైకి పదహారు వేసినాను.
ఆఫీసువాళ్లు మెమో ఇస్తే ఇయ్యనీ.

వ్యాఖ్యలకని వాళ్లిచ్చింది నాలుగు గీతలు.
'చెంగమ్మా, నువ్వడిగినదానికి ఒక పేరుంది,
వ్యాకోచత్వం అంటారు, ఏడో యూనిట్ చూడు,
నువ్వు ఆ యూనిట్ తెరవకముందే'
అనేలోపు గీతలయిపోయినాయి.
పక్కకు తిప్పి మార్జిన్‌లో నిలువునా రాసినాను.
ఈ కాగితం ఆమెకు చేరేసరికి
పరీక్షలయిపోయి నెలవుతుంది.

నంబరుంది కదాని ఫోన్ చేస్తే
"ఎవురూ? వినపళ్లేదు, ఎవురూ?"
వెనక టకటకటక, కట్.

ఆ శబ్దం నాకు తెలుసు.
పోయిన నెల ఆన్‌లైన్ క్లాసులో
ఒక నల్లటి డబ్బాలోంచి అదే వచ్చింది.
"ఎవురమ్మా అది, మైకు ఆపుకో" అన్నాను.
పేరు చూళ్లేదు.
నేనే మ్యూట్ నొక్కేసి
డిమాండ్ రేఖ గీసుకుంటా పోయినాను.

ఇప్పుడు రిజిస్టరు చేతులు మారతా ఉంది.
సంతకాలు నాకెందుకు,
వేళ్లు చూస్తా ఉన్నాను.
ఆరుగురివీ మామూలు వేళ్లే.

నగరి బస్సు ఇంకొకటి
పదకొండున్నరకుంది.