వంద కౌంటు నూలు

రాత్రి పదకొండు దాటాక
అబుదాబి మ్యూజియం మాది.
నాది, నేపాలీ సెక్యూరిటీ దిల్‌మాయది,
బ్యాటరీ తరిగినప్పుడు మూలిగే తుడుపు మిషనుది.

పన్నెండో గదిలో ఆవిడుంటుంది.
ఫ్రాన్సు మనిషి. తలకి తెల్లగుడ్డ,
ఎడంచేతిలో రంగుల పలక,
ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టు చూపు.
పని చెడగొట్టారన్న చిరాకు అందులో.
రెండొందల ఇరవై ఏళ్ళుగా అదే చిరాకు.

జనం పగలంతా మొహం చూసి పోతారట.
నేను ముందు చూసింది గౌను.
పొందూరుదాన్ని కదా.
వంద కౌంటుకి తక్కువుండదు.
వాలుగ చేప దవడతో దువ్విన పత్తయితే తప్ప
మోచేతి మడతలో గుడ్డ అలా నీడ తాగదు.
మా మామ్మ బోడెమ్మ చూస్తే
"ఒలే, ఎవులు వడికినారే గుంటా?" అని అడిగీది.

మన దేశం నూలు ఓడలెక్కి అక్కడికి పోయేదట ఆ రోజుల్లో.
ఇది మనదో కాదో.
బొమ్మలో గుడ్డకి చిరునామా ఉండదు.

గోడమీది బిళ్ళలో ఆవిడ పేరు లేదు.
"ఫలానా మేష్టారి శిష్యురాలు కావచ్చు" అని ఉందని
దిల్‌మాయ చదివి చెప్పింది.
కావచ్చు.
నా మెళ్ళో బిళ్ళ కూడా అంతే,
అప్పలనరసమ్మ పట్టక "నార్సా" అని కొట్టారు.

మొన్న గురువారం
ఎవరో తొక్కిపోయిన చూయింగ్ గమ్ గీకడానికి
గోడవారన మోకాళ్ళేశాను.
తలెత్తితే
బొమ్మలోని స్టూలు కోడు లోపలివైపు,
నిలబడ్డవాళ్ళ చూపు ఆనని చోట,
రెండక్షరాలు. తుప్పు రంగు.
గోటితో గీరినంత.

మామ్మ కూడా
చిలప చుట్టి ఖాదీ సంఘానికి ఇచ్చేముందు
కొసన ఒక ముడి, దానిమీద అడ్డంగా ఇంకో ముడి వేసేది.
పుస్తకంలో పేరు తాతది.
డబ్బులకి వేలిముద్రా తాతదే.
ముడి ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పెద్దవాళ్ళకి చెబితే
గ్లోవ్స్ వేసుకుని వస్తారు, లైట్లు పెడతారు,
బిళ్ళ మారుస్తారేమో కూడా.
గీత దాటి అంత దగ్గరికెందుకెళ్ళావని
నాకు రెండ్రోజుల జీతం కోస్తారు.
ఇంకా తేల్చుకోలేదు.

ఆరింటికి ముసఫ్ఫా బస్సు.
బకెట్టు కడిగి, మిషను ఛార్జింగులో పెట్టి
పోతూపోతూ పన్నెండో గదిలోకి తొంగిచూస్తాను.
చిరాకు అలాగే ఉంది.
సరేలేమ్మా,
నీ పని కానీ.