మూడో గుంజ

మినిట్స్ పుస్తకం నాది.
గలీసియా తీరంలో గుల్లలేరే ఆడవాళ్ళ సంఘానికి
పదకొండేళ్ళుగా నేనే రాస్తున్నాను,
ఎవరు ఏమన్నారో, ఎవరు ఏమీ అనలేదో.

నిజం చెప్పాలంటే
అందులో ఎక్కువసార్లు కనబడే మాట:
"వచ్చే సమావేశంలో చర్చిద్దాం."
పెన్ను కాగితానికి తగిలితే చాలు
తనంతట తనే రాసుకుపోయేది.

సంఘం గదిలో ముప్పై ఒక్క కుర్చీలు,
ఒక హీటరు. దాని వేడి ఎర్మితాస్ కాళ్ళకే,
అధ్యక్షురాలు కదా.
దోరిందా మోకాలి నొప్పితో మొదలుపెట్టేది.
ఆర్మిందా వేలం ధర దగ్గర బయల్దేరి
చచ్చిపోయిన మొగుడి పడవ దగ్గర తేలేది.
ఎవరమూ ఆపేవాళ్ళం కాదు.
మంచి పడవట అది.

మార్చిలో ఒక రోజు.
తేల్చాల్సింది ఒక్కటే:
ఉత్తరపు ఇసుకమేటను ఈ ఏడు మూసేయాలా, వద్దా.
పదకొండింటికి నీళ్ళు పూర్తిగా తీస్తాయి.
తొమ్మిదింటికే కూర్చున్నాం.
కాఫీ ఎవరు పెట్టాలన్నదానికి అరగంట.
కిందటిసారి ఎవరు పెట్టలేదన్నదానికి
అంతకంటే ఎక్కువ.
ఊకదంపుడు దంపి దంపి తలెత్తి చూస్తే
కిటికీలో సముద్రం
వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చేస్తోంది.
ముప్పై ఒక్కమందిమి,
రబ్బరు బూట్లు తొడుక్కునే ఉన్నాం.
పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.
ఆ పూట కూలి లేదు.
నేను రాశాను: వచ్చే సమావేశంలో చర్చిద్దాం.

తర్వాత వీగో నుంచి ఒక కుర్రాణ్ణి పంపారు,
సమావేశాలు ఎలా జరపాలో నేర్పడానికి.
పసుపు చీటీలు, గులాబీ చీటీలు,
గోడకి ఒక పెద్ద కాగితం.
పాపం, మంచివాడే. మా గదిలో చెమ్మ సంగతి
అతనికెలా తెలుస్తుంది?
మధ్యాహ్నానికి చీటీలన్నీ ఊడి
దోరిందా బూట్ల కింద ఉన్నాయి.

అతన్ని బస్సెక్కించి వస్తూ బల్బీనా అంది:
"తప్పు కుర్చీలదే.
కుర్చీ కనబడితే మాట కూడా కూర్చుంటుంది."

ఇప్పుడు నీళ్ళలోనే కలుస్తున్నాం.
ఆటు మొదలయ్యాక, చీలమండల లోతులో,
భుజాన గోరుపారలతో, నిలబడి.
పాత వంతెన తాలూకు గుంజలు మూడున్నాయక్కడ.
ఒడ్డుకి దగ్గరి గుంజ మొదలు బయటపడగానే
ప్రశ్న ఒక్కసారి చదువుతాను.
మూడోది బయటపడేలోపు
చేతులు లేవాలి.

మొదటి రోజు అదే ప్రశ్న, ఉత్తరపు మేట.
ఫెలీసా ముందుకొచ్చింది.
హాజరు పట్టీలో తప్ప
ఆమె పేరు నేనెన్నడూ రాయలేదు.
గుప్పిట తెరిచింది.
నూకంత గుల్లలు, ఏడో ఎనిమిదో.
"అంచున తవ్వితే ఇవే వచ్చాయి.
పెద్దవి లేవు."
అంతే. మళ్ళీ వరసలో కలిసిపోయింది.

రెండో గుంజ బయటపడింది.
ఆర్మిందా నోరు తెరిచింది,
గుంజ వైపు చూసింది,
మూసుకుంది.
చేతులు లేచాయి: మూసేయాలని ఇరవై ఆరు, వద్దని ఐదు.
వద్దన్న ఐదుగురిలో నేనూ ఉన్నాను.
ఇంటి అప్పు నాది, గుల్లలది కాదు.
ఓడిపోయాను, కానీ దేనికి ఓడిపోయానో
ఈసారి నాకు తెలుసు.

పుస్తకం చంకలో తడిసింది.
ఆ పేజీలో సిరా పాకి
ఇరవై ఆరు ఇరవై ఎనిమిదిలా కనిపిస్తుంది.
పక్కన సరిచేసి సంతకం పెట్టాను.

ఆ తర్వాత దక్షిణపు మేటలో వంగి తవ్వుతుంటే
నా పక్కనే ఆర్మిందా మొదలుపెట్టింది,
పడవ కథ.
గంటన్నర పట్టింది. చివరిదాకా విన్నాను,
పదకొండేళ్ళలో మొదటిసారి.
నీలం రంగు పడవ. ఆమె పేరే పెట్టాడట దానికి.

అది పుస్తకంలో రాయలేదు.